మిషను దారం ఎందుకు తెగుతోంది

మే 6

ప్రెస్సు మూతపడి ఇవాళ్టికి ఇరవై రెండు రోజులు. పద్నాలుగేళ్లు ప్రూఫులు దిద్దిన చెయ్యి ఊరికే ఉండలేక పాల ప్యాకెట్టు మీద అక్షర దోషాలు వెతుకుతోంది.

అన్నాల దగ్గర అత్తయ్య ఒక మాట చెప్పింది. ఆగస్టు నెలాఖరుకి షాపు గది ఖాళీ చేసేస్తుందట. కూరలో ఉప్పు తగ్గిందన్నంత తేలిగ్గా చెప్పింది. ముప్ఫై ఒక్క ఏళ్లుగా అదే గదిలో కుట్టుమిషన్లు బాగుచేస్తున్న మనిషి. కొత్త వంతెన కట్టాక బస్సులు మా వీధి మొహం చూడడం మానేశాయి. వారానికి ఇద్దరొస్తే గొప్ప. మా ఆయన పళ్లెంలోంచి తలెత్తలేదు. వాళ్లమ్మ మోకాళ్లకి విశ్రాంతి దొరుకుతుందని సంతోషించాలో, ఆ మొహం చూసి బాధపడాలో ఆయనకి తెలియలేదు.

షాపుని నెట్‌లో పెడదాం, నేను నేర్చుకుంటాను అన్నాను. ఎలా వచ్చిందో నోట్లోంచి వచ్చేసింది. అత్తయ్య నన్ను ఎగాదిగా చూసి, నా మిషన్లకి కాళ్లున్నాయి గానీ నెట్‌లోకి నడిచిపోవమ్మాయ్ అంది. వద్దని మాత్రం అనలేదు.

మే 9

ఎస్‌ఈఓ మీద ఉచిత గైడు దొరికింది. ప్రింటు తీసి పెన్సిలు పట్టుకుని చదివాను. మొదటి అధ్యాయంలోనే రెండు తప్పులు పట్టాను. ప్రాణం లేచొచ్చింది.

నాకర్థమైంది ఇదీ: ఎవరైనా ఏదైనా వెతికితే మన పేజీ ముందు వరసలో కనబడాలి. అందుకు చెయ్యాల్సిన పనులన్నీ కలిపి ఎస్‌ఈఓ. సెర్చ్ ఇంజిన్ పంపే క్రాలర్ అనేది ఒకటుంది. రాత్రనక పగలనక అందరి పేజీలూ చదువుకుంటూ పోతుంది. మెచ్చుకోదు, తిట్టదు, టీ అడగదు. మా ప్రూఫ్‌రీడర్ల వంశమే.

ఖర్చు లేకుండా సైటు కట్టాను. పేరు: నాణ్యమైన కుట్టుయంత్రముల మరమ్మతు సేవా కేంద్రము. ఒక్క దోషం లేదు.

మే 17

సైటుని పదకొండు మంది చూశారు. పదకొండు. అత్తయ్యకి చెప్తే నూనెడబ్బా పక్కన పెట్టి మరీ వింది.

సాయంత్రం 6.30

అందులో తొమ్మిది మా ఆయనట. ఆఫీసులో ఖాళీ దొరికినప్పుడల్లా చూశాడట. తక్కిన ఇద్దరూ నేనే.

మే 18

కుట్టుమిషన్ రిపేరు అని వెతికాను. పది పేజీలు తిరగేశాను. మనం లేం.

మే 22

ఎవరో వీడియోలో చెప్పాడని ఒకే పేజీలో కుట్టుమిషన్ రిపేర్ అన్న మాట ఇరవై మూడుసార్లు రాశాను. అత్తయ్య పైకి చదవమంది. చదివాను. ఆరో వాక్యం దగ్గర చెయ్యెత్తి ఆపింది. ఇది చదివితే మిషను కాదు, మనిషే రిపేరుకొస్తాడు అంది. పక్క షాపు తాళాలాయన గోడవతల నుంచి నవ్వాడు. ఆయనకి అన్నీ వినిపిస్తాయి, మధ్య ఉన్నది చెక్క గోడే.

ఇలా ఒకే మాటని కూరి కూరి పెట్టొద్దని గైడు నాలుగో అధ్యాయంలో ఉంది. నేను మూడు చదివి పరిగెత్తాను. ఇరవై రెండు కొట్టేశాను. ఎర్ర ఇంకుతో కొడుతున్నంత హాయిగా ఉంది.

మే 27

ఇవాళ కళ్లు తెరుచుకున్నాయి.

వెతికే చోట సగం మాట టైపు చేసి ఆగితే, మిగతా సగం అదే అందిస్తుంది. జనం ఎక్కువగా ఏం అడుగుతారో అది. పైసా అక్కర్లేని పనిముట్టు, రోజూ కళ్లముందే ఉంది. మిషను అని కొట్టి ఆగాను. వరసగా దిగాయి. దారం ఎందుకు తెగుతోంది. కుట్టు పడట్లేదు. చప్పుడు వస్తోంది. సగం తెలుగులో, సగం ఇంగ్లీషు అక్షరాల్లో, అన్నీ తప్పుల తడకలు. యంత్రము అని గానీ మరమ్మతు అని గానీ అడిగిన పాపాన ఒక్కరూ పోలేదు. నాణ్యమైన అన్నవాడు అసలే లేడు.

నేను వాళ్లని దిద్దుదామని కూర్చున్నాను. వాళ్లేమో దారం తెగుతోందని ఏడుస్తున్నారు.

మే 31

నాలుగు రోజులుగా షాపు బల్ల దగ్గర నోటుబుక్కు పట్టుకుని కూర్చుంటున్నాను. వచ్చినవాళ్లు ఏ మాట అంటే అదే రాసుకుంటున్నాను. వచ్చింది ఐదుగురు. కింద దారం గూడు కడుతోంది అన్నారొకరు. బరువెక్కిపోయింది అన్నారొకరు. ఒకావిడ, ఏం లేదండీ, అలిగింది అంది. అత్తయ్య ఆ అలిగిన మిషనులో కింద దారం ఉండే బాబిన్ తీసి, దుమ్ము ఊది, తిరిగి పెట్టి, ఇప్పుడు మాట్లాడుతుంది తీసుకెళ్లమ్మా అంది.

ఇవన్నీ పేజీల పేర్లే. ఇంతకాలం ఈ బల్ల మీదే పడి ఉన్నాయి.

జూన్ 4

అత్తయ్య చెప్తోంది, నేను రాస్తున్నాను. చెప్తోంది అనడం కూడా తప్పే. చేతులతో తిప్పి చూపిస్తుంది, ఇలా అంటుంది. ఇలా అంటే ఎలా రాయను? గంటసేపు పోట్లాడుకుంటే ఒక వాక్యం తయారైంది: గుడ్డని నొక్కే పాదం పైకెత్తి పెట్టి, అప్పుడు పైదారం మొదటి నుంచి మళ్లీ ఎక్కించండి, సగం గూళ్లు అక్కడే విడిపోతాయి. నేను పద్నాలుగేళ్లలో దిద్దిన వాక్యాల్లో ఇంత పనికొచ్చేది ఒకటైనా ఉందా అని ఆలోచించాను. గుర్తుకు రాలేదు.

చప్పుళ్ల పేజీ దగ్గర పెద్ద గొడవ. బాబిన్ కూర్చునే షటిల్‌లో నూనె ఎండిపోతే సన్నగా గుర్రు గుర్రుమంటుందట. దాన్ని పిల్లి గురక అని రాయమంది. అది ఎవరికి అర్థమవుతుంది, మంద్రమైన ధ్వని అందాం అన్నాను. మంద్రం ఎవడిక్కావాలి, మేం ఫ్యాక్టరీలో అలాగే అనేవాళ్లం అంది. ఎవరు మేం అంటే స్క్రూడ్రైవరు వెతకడం మొదలెట్టింది. చేతిలోనే ఉంది అది.

పిల్లి గురక అనే రాశాను.

జూన్ 7

పేజీ ఎంత వేగంగా తెరుచుకుంటుందో ఉచితంగా కొలిచే పరికరం ఒకటుంది. వందకి ముప్ఫై ఒకటి వచ్చింది, ఎర్రగా. ఫొటోలు మరీ బరువట. పెద్దగా ఉన్నవాటిని చిన్నవి చేసి, ప్రతి ఫొటో కింద అందులో ఏముందో ఒక మాట రాశాను. ఎనభై ఎనిమిది. ఫోను పట్టుకుని బయటికి పరిగెత్తి తాళాలాయనకి చూపించి, ముప్ఫై ఒకటి నుంచి ఎనభై ఎనిమిదండీ అన్నాను. ఆయన కంగారుగా కుర్చీ జరిపి, ముందు కూర్చోమ్మా, బీపీ మాత్ర వేసుకున్నావా అన్నాడు.

జూన్ 13

ఒక క్లిక్కు.

మా ఆయన చేత ఒట్టు వేయించుకున్నాను. ఆయన కాదు. నేను కాను. వెతికి వచ్చినవాళ్లని లెక్కపెట్టి చూపే సెర్చ్ కన్సోల్‌లో నీలం గీత ఇంతకాలం నేల మీద పడుకుని, ఇవాళ ఒక్క వేలెడు లేచింది. దారం తెగుతోంది అని ఎవరో అడిగారు, మా పేజీ తెరిచారు.

అత్తయ్య అడిగింది, తెగడం ఆగిందా మరి అని. అది ఇందులో తెలియదు అత్తయ్యా అన్నాను. ఇంకేం తెలుస్తుంది నీ మొహం, మనిషి వచ్చాడన్నావు, పని అయిందో లేదో కనుక్కోకుండా పంపించేశావా అంది. నాకు కోపం రావాలి, రాలేదు. ప్రతి పేజీ నెత్తిన ఫోను నంబరు పెట్టాను. పక్కనే సైటులో వెతుక్కోవడానికి ఒక పెట్టె పెట్టాను. అందులో జనం ఏం టైపు చేసినా నాకు కనబడుతుంది. ఇది గైడులో ఉన్న సలహాయే గానీ, అత్తయ్య తిట్టాకే అర్థమైంది.

జూన్ 19

మొదటి ఫోను. ఎక్కడో దూరపు ఊరి దర్జీ. మర్నాడు నాటకం, తొమ్మిది వేషాలు కుట్టాలి, మిషను కుట్లు వదిలేస్తోంది. గొంతులో ఏడుపు. అత్తయ్య ఫోను మిషను పక్కన పెట్టి నాలుగు కుట్లు తొక్కమంది. కళ్లు మూసుకుని వింది. ఇవాళ సూది మార్చావా అని అడిగింది. మార్చిందట. సూది చదునువైపు ఎటుందో చూడు, తిరగేసి పెట్టుంటావు అంది. అవతల సూది స్క్రూ తిప్పిన చప్పుడు. ఆ తర్వాత మిషను చప్పుడు, ఆగకుండా, గుర్రంలా. దర్జీ ఫోను పెట్టడం మరిచిపోయి కుట్టుకుంటూ పోయింది. మేమిద్దరం అలాగే వింటూ నిలబడ్డాం.

మధ్యాహ్నం అత్తయ్య నాకు తనే వడ్డించింది. పెళ్లయిన పదకొండేళ్లలో రెండోసారి. మొదటిసారి నాకు జ్వరం.

జూలై 2

దారం పేజీ నలభై ఒకటో స్థానం నుంచి తొమ్మిదికి వచ్చింది. మొదటి పేజీ. వంతెన అవతల నుంచి స్కూటర్ల మీద మిషన్లు వస్తున్నాయి. షాపులో నిలబడే చోటు లేదు, ఒక మిషను తాళాలాయన దగ్గర దాచాం. ఆయనకీ సైటు కావాలట. తాళం పోయినవాళ్లు ఏమంటారో వారం రోజులు రాసుకోండి, అప్పుడు చూద్దాం అన్నాను. రాయడానికి వీల్లేని మాటలే ఎక్కువమ్మా అన్నాడు.

జూలై 8

సైటులో వెతుక్కునే పెట్టెలో ఇవాళ ఒకటి కనబడింది. ఎవరో పిల్లి గురక పేజీ తెరిచి, ఆ పెట్టెలో ఇలా టైపు చేశారు:

ఈ మాట రాసింది పొడుగేనా

పెట్టె దాని ధర్మం అది చేసింది. ఫలితాలు ఏమీ దొరకలేదు అని చెప్పింది.

తమాషాగా ఉందని అత్తయ్యకి చూపించాను. చదివి, ఫోను నా చేతిలో పెట్టి, స్టూలు మీద కూర్చుండిపోయింది. అత్తయ్య ఆరడుగులకి కొంచెం తక్కువ.

జూలై 9

తాళాలాయన షాపు మూసి వెళ్లాక చెప్పింది. మిషన్ల ఫ్యాక్టరీలో మూడో బెంచీ మీద ఇద్దరే ఆడవాళ్లు. ఒకరు పొడుగు, ఒకరు పొట్టి. పేర్లతో పిలిచినవాళ్లు లేరు. పిల్లి గురక పొట్టి పెట్టిన పేరు. ఏడేళ్లు ఒకే డబ్బాలో తిన్నారు. ఫ్యాక్టరీలో మనుషుల్ని తగ్గించినప్పుడు బెంచీకి ఒక్కరే అన్నారు. అత్తయ్యని ఉంచారు. పొట్టి ఆ శుక్రవారమే, ఒక్క మాట కూడా మాట్లాడకుండా ఊరు వదిలి వెళ్లిపోయింది. మర్నాడు శనివారం అత్తయ్యా మానేసింది. ఆ సంగతి చెప్దామంటే మనిషి లేదు, చిరునామా లేదు. ఆ వారమే ఈ గది తీసుకుందట.

ఆమెకి తెలియదమ్మాయ్, నేను అక్కడే హాయిగా ఉన్నాననుకుంటోంది అంది. ముప్ఫై ఒక్క ఏళ్లు.

జూలై 10, ఉదయం 7.15

పెట్టెలో మళ్లీ: పొడుగూ నేను పొట్టిని

ఫలితాలు ఏమీ దొరకలేదు.

ఆ పెట్టెని ఎత్తి గోడకేసి కొడదామనిపించింది. ఆమెకి మేం జవాబు చెప్పే దారి లేదు. టైపు చేసినవాళ్లెవరో పెట్టె చెప్పదు. ఫోను నంబరు నెత్తినే ఉంది, ఎందుకు చెయ్యదో తెలియదు.

ఉదయం 9.00

తిక్కదాన్ని. రెండు నెలలుగా నేను నేర్చుకుంటున్నదేమిటి? ఎవరు ఏ మాటతో వెతుకుతారో ఆ మాటతోనే పేజీ ఉండాలి. ఆమె ఏం వెతుకుతుందో నాకు తెలుసు, అక్షరాలతో సహా. మళ్లీ పెట్టెలో అదే కొడితే ఈసారి జవాబు దొరకాలి.

పేజీ పేరు: ఈ మాట రాసింది పొడుగే, పొట్టీ. అత్తయ్య చెప్పింది, నేను కొట్టాను. మూడే ముక్కలు.

నువ్వెళ్లిన మర్నాడే నేనూ మానేసినాను. నీకు చెప్పే తోవ లేకపోయింది. ఎప్పుడొచ్చినా షాపులోనే ఉంటాను.

మానేసినాను అన్నదాన్ని మానేశాను అని దిద్దబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

జూలై 11

రాలేదు.

జూలై 13

రాలేదు. అత్తయ్య ఒకే స్క్రూని మూడుసార్లు బిగించింది.

జూలై 16

పదకొండున్నరకి ఫోను మోగింది. నేను తీశాను. అవతల ఊపిరి తప్ప ఏమీ లేదు. అత్తయ్యకిచ్చాను. తీసుకుని పక్కనున్న మిషను చక్రం చేత్తో తిప్పింది. ఎండిన షటిల్, గుర్రుమంది. అవతల నుంచి, నూనె వెయ్యవే బద్ధకమా అని నాకు కూడా వినబడేంత గట్టిగా వినిపించింది.

నలభై నిమిషాలు మాట్లాడుకున్నారు. పొట్టి దగ్గరున్న మిషను గురకపెడుతుంటే చేతులు వాటంతట అవే ఆ మాట టైపు చేశాయట. ప్రపంచంలో ఆ మాట రాసినవాళ్లు ఇంకొకరు లేరు, మా పేజీయే మొదటిది. ఫోను నంబరు నొక్కి నొక్కి చివరి అంకె దగ్గర ఆగిపోయేదట, పెట్టెలో మా జవాబు పేజీ దొరికాకే అది కూడా నొక్కిందట. పెట్టె అయితే మొహం తిప్పుకోదు కదా అంది. అత్తయ్య నవ్వుతూ ఏడ్చి, ఏడుస్తూ నవ్వి, మధ్యలో నన్ను టీ పెట్టమంది.

జూలై 28

పొట్టి అత్తయ్య వచ్చింది. నిజంగానే అత్తయ్య భుజం దాకా లేదు. సంచీ దింపకుండానే బల్ల మీద విప్పి ఉన్న మిషను చూసి, ఇది ఎవరు విప్పారు, ఇలా విప్పుతారా అంది. ఇద్దరూ నాలుగు గంటలు వాదించుకున్నారు. మిషన్లు తెచ్చినవాళ్లు పని అయిపోయినా వెళ్లకుండా నిలబడి విన్నారు. మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి, వాళ్లమ్మ అంత గట్టిగా నవ్వడం చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

ఆగస్టు 20

గది ఖాళీ చెయ్యట్లేదు. పొట్టి అత్తయ్య వారానికి నాలుగు రోజులు వస్తానంది. నన్ను ముగ్గురు షాపుల వాళ్లు పేజీలు రాయమని అడిగారు. నా పనికి ఏం పేరు పెట్టాలో తెలియదు. తప్పులు దిద్దడం మాత్రం కాదు.

సెప్టెంబరు 3

పొట్టి అత్తయ్య కోసం పెట్టిన పేజీ తీసేద్దామా అని అడిగాను. ఉండనీ, ఎవరికడ్డం అన్నారిద్దరూ. నిన్న దాన్ని ఇరవై ఆరుగురు చూశారు. ఎవరో తెలియదు. అందులో ఉన్నవి మూడే ముక్కలు. ఒకరు మాత్రం పదకొండు నిమిషాలు ఉన్నారు.