ఐదేళ్ళ ఆకుపచ్చ

ప్రాతో, ఇటలీ
మార్చి 11, 2026, బుధవారం

నా తమ్ముడు నెదోకి,

తమ్ముడని రాశానని నా కోపం తగ్గిందనుకోకు. ఎంత కోపంలో ఉన్నా ఉత్తరం ఇలాగే మొదలుపెట్టాలని నాన్న నేర్పాడు కనుక రాశాను. పక్కనే గుడ్డలు చీల్చే యంత్రం మోగుతుంటే ఎంత అరిచినా వినబడదు కదా. అందుకని పోట్లాటలన్నీ కాగితం మీద పెట్టి బల్ల మీద వదిలేయమని ఆయన పెట్టిన ఆనవాయితీ. అరవై రెండేళ్ళొచ్చినా ఇంకా పాటిస్తూనే ఉన్నాను. నీ గదిలోకే వచ్చి మాట్లాడితే చేతికందింది నీ మీదికి విసురుతానేమోనన్న భయం కూడా ఉంది.

నిన్న మధ్యాహ్నం నువ్వు ఫ్లోరెన్స్ వెళ్ళావు. ఆఫీసుకు తాళం వేసి ఉంది. అద్దకం మిల్లు లారీ డ్రైవర్ సీరియో తిన్నగా నా షెడ్డులోకి వచ్చి, "ఓర్నెల్లాగారూ, మీ ఆకుపచ్చ ఎక్కడ దింపమంటారు? వెనక గోదాముకి తాళం ఉంది" అన్నాడు. "మేం రంగులేయించే సరుకేదీ లేదయ్యా, వేరే ఎవరిదో అయ్యుంటుంది, చూసుకో" అన్నాను. అతను నవ్వాడు. "భలేవారే. ఐదేళ్ళుగా నేనేగా తోలుతున్నాను. ప్యారిస్ వాళ్ళ ఆకుపచ్చ మీది కాకపోతే ఇంకెవరిదండీ?" అంటూ చీటీ చేతిలో పెట్టాడు. కింద నీ సంతకం ఉంది. మూటల్లో నేను కలిపి పంపిన ఉన్ని ఉంది. దానికి అద్దకం వాసన వేస్తోంది.

ఆ ఆకుపచ్చ నాది, నెదో. పాత కోట్లు, స్వెట్టర్లు, దుప్పట్లు గుట్టలుగా వస్తే రంగుకు రంగు విడదీసి, ఏ గుట్టలోంచి ఎన్ని గుప్పెళ్ళు తీయాలో లెక్క కట్టి, చీల్చగా వచ్చిన ఉన్నిని సబ్బునీళ్ళతో అరచేతుల్లో నలిపి బిస్కెట్టంత నమూనా బిళ్ళ చేసి, ఉత్తరం కిటికీ దగ్గర వెలుగులో పట్టి చూసేదాన్ని. పచ్చ గుడ్డలొక్కటే వేస్తే అది రాదు. కాస్త ఆవపిండి రంగు పడాలి, చిటికెడు నలుపు పడాలి. చుక్క రంగు వాడకుండా రంగు పుట్టించడమే మన ఊరి పని, మన తాత పని, నాన్న పని. నేను చేసేది కూడా అదేననుకున్నాను. ఐదేళ్ళుగా నేను బిళ్ళలు నలుపుతుంటే నువ్వు వెనక గేటులోంచి సరుకు పంపి అద్దకం తొట్లలో ముంచి తెప్పిస్తున్నావు.

పోయిన క్రిస్మస్ ముందు ప్యారిస్ బట్టల కంపెనీ తరఫున కొనుగోళ్ళు చూసే ఆవిడ వచ్చి, అందరి ముందు నా చేతులు పట్టుకుని, "ఏటా అదే ఆకుపచ్చ, వెంట్రుకవాసి తేడా లేదు, మీ కళ్ళు దేవుడిచ్చిన వరం" అంది. నేను చిన్నపిల్లలా సిగ్గుపడ్డాను. నువ్వు పళ్ళెంలోకి చూస్తూ రొట్టె ముక్కలు చేస్తున్నావు. ఆ రాత్రంతా నాకు సంతోషంతో నిద్ర పట్టలేదు. ఇప్పుడు తలచుకుంటే ఒళ్ళు మండిపోతోంది.

ఇక సోమవారం నా ముందు పెట్టిన ఆ పన్నెండు పేజీల కాగితం సంగతి. "బ్రస్సెల్స్‌లో యూరప్ చట్టాలు చేసేవాళ్ళు మనలాంటి చిన్నవాళ్ళని పర్యావరణ నివేదికల నుంచి వదిలేశారక్కా, బతికిపోయాం" అని జనవరిలో గంతులేశావు. ఎక్కడ బతికిపోయాం? వచ్చే సెప్టెంబరు నుంచి సాక్ష్యం లేకుండా ప్రకృతికి మేలు గీలు అని ఏ బట్ట మీదా రాయకూడదని ఇంకో చట్టం ఉండనే ఉంది. దానికి జడిసి ప్యారిస్ వాళ్ళు సాక్ష్యం మనల్ని అడిగారు. తొమ్మిదో పేజీలో 'ఈ ఉన్నికి ఏ దశలోనూ రంగు వేయలేదు' అని ఉంది, దాని కింద గుడ్డలు ఏరినవారి సంతకం కావాలని ఉంది. "ఊరికే ఫార్మాలిటీ అక్కా, గీకెయ్" అని పెన్ను మూత తీసి మరీ ఇచ్చావు. కళ్ళజోడు లేక చదవడం కష్టమై రేపు చూద్దామన్నాను కానీ, లేకపోతే గీకేసేదాన్నే. నీ అబద్ధం కింద నా పేరు ఉండేది.

కాఫీ కొట్టు దగ్గర మన ఊరి గుడ్డల వ్యాపారులందరూ ఆ చట్టాలను బూతులు తిడుతుంటారు. నేనూ వాళ్ళతో కలిసి తిట్టాను. ఇవాళ తిట్టలేను. ఐదేళ్ళలో నన్ను నిజం అడిగింది ఆ చట్టాలు రాసినవాళ్ళే.

నువ్వెందుకు చేశావో నాకు తెలుసు. పాత గుడ్డల్లోంచి వచ్చే రంగు ఏటా ఒక్కలాగే ఉండదు. వాళ్ళు అదే కావాలన్నారు. కుదరదని చెప్పే ధైర్యం నీకు లేదు, ఎప్పుడూ లేదు. శుక్రవారంలోగా నువ్వే ప్యారిస్‌కు నిజం రాయి. లేదంటే నేను రాస్తాను, రాసి, నా ఏప్రన్ నాన్న మేకుకే తగిలించి వెళ్ళిపోతాను.

ఇంకా నీ అక్కనే,
ఓర్నెల్లా

---

మార్చి 12, గురువారం

అక్కా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మొదటి మూడుసార్లు నాకూ ఒళ్ళు మండింది. ధైర్యం లేదన్నావు. ఆ మాట ఒప్పుకుంటాను, కానీ నువ్వనుకున్న చోట కాదు.

ప్యారిస్ వాళ్ళు ఏటా అదే ఆకుపచ్చ కావాలని ఎప్పుడూ అడగలేదు. కాస్త తేడా ఉంటే అదే అందం అన్నారు. ఐదేళ్ళ కిందట నువ్వు కలిపిన సరుకు అలాగే పంపాను. వాళ్ళు తిప్పి పంపారు. "మేం ఆకుపచ్చ అడిగాం, మీరు నీలం పంపారు" అని రాశారు. నేను నమ్మలేదు. ఉత్తరం కిటికీ దగ్గర నీ పాత బిళ్ళ పక్కన పెట్టి చూశాను. నీలమే అక్కా. నా మీద నాకే అనుమానం వచ్చి, ఏమీ చెప్పకుండా లిహువాను పిలిచి చూపించాను. నీ పక్క బల్ల మీద పదేళ్ళుగా ఏరుతోంది కదా, తనకు తెలుస్తుందని. "ఇది నీలమండీ" అంది. తర్వాత మెల్లగా, "పెద్దమ్మ నీలం గుడ్డలన్నీ పచ్చ బుట్టలో వేస్తోంది, ఏడాదిగా చూస్తున్నాను, నాకు చెప్పడానికి నోరు రాలేదు" అంది.

కొర్రాదో ముసలాయన గుర్తున్నాడా? ముదురు నీలాన్ని నలుపు అనుకున్నాడని నాన్న ఆ రోజే బల్ల దగ్గర్నుంచి లేపేశాడు. చీపురు చేతికిచ్చాడు. రిటైరయ్యేదాకా ఊడ్చాడాయన. అప్పుడు నీకు పదిహేడు, నాకు పన్నెండు. ఆ పూట బీన్స్ సూప్ తింటూ నువ్వన్నావు, "నా కళ్ళకి అలా అయితే నన్ను లేపకండి, ఆ బల్ల కిందే పాతిపెట్టండి" అని. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. నీ చేతికి చీపురు ఇవ్వడం నా వల్ల కాలేదు. నీలాన్ని పసుపులో ముంచితే ఆకుపచ్చ అయిపోతుంది కదా, అదే చేశాను. ఒక్కసారికే అనుకున్నాను. కంటి డాక్టరు దగ్గరికి పోదామని మూడుసార్లు అడిగాను, మూడుసార్లూ నన్ను కసిరావు. మన పనిలో కళ్ళు చూపించుకుంటే ఉద్యోగం పోయినట్టే అని నీకూ తెలుసు.

ఇది కాగితం మీద ఎలా రాయను? నీ మొహం చూసి ఎలా చెప్పను? ఆ సంతకం అడగడం మాత్రం తప్పే. నిన్ను కాపాడుతున్నానని చెప్పుకుంటూ చివరికి నిన్నే ఇరికించబోయాను.

తొమ్మిదో పేజీలో సంతకం చోటు ఖాళీగా ఉంచాను. నువ్వు ఏం రాస్తే అదే పంపుతాను.

నెదో

---

ఏప్రిల్ 24, శుక్రవారం

నా తమ్ముడు నెదోకి,

తొమ్మిదో పేజీలో నేనేం రాశానో చూసే పంపావు. అయినా ఇక్కడ మళ్ళీ రాస్తాను, మనింట్లోనూ ఒక కాగితం మీద ఉండాలి. 'ఐదేళ్ళుగా ఈ ఉన్నికి రంగు వేశాం. ఏరిన మనిషికి కళ్ళు సరిగా కనబడవు. ఆ సంగతి ఆమెకు తెలియదు.' కింద నా పేరు. ఇంకో చట్టం వస్తే ఇంకా ఏమేం ఒప్పుకోవాలో.

నీ ఉత్తరం చదివి వారం తిరక్కుండా కంటి డాక్టరు దగ్గరికి పోయాను. నువ్వు నా మీద ప్రేమతో చేశావట. నీ ప్రేమను పట్టుకెళ్ళి ఆ అద్దకం తొట్టిలోనే ముంచు. కంటి డాక్టరమ్మ ఇంత చిన్న లైటు వేసి చూసి నవ్వింది. "శుక్లాలు బాగా ముదిరాయి. కంట్లో అద్దం పసుపెక్కిపోయింది, అందుకే నీలం ఆకుపచ్చగా కనబడుతోంది. ఇన్నాళ్ళు ఏం చేస్తున్నారు? ఇరవై నిమిషాల పని" అంది. ఇరవై నిమిషాల పనికి నువ్వు ఐదేళ్ళు అబద్ధమాడావు. నేను ఐదేళ్ళు రొమ్ము విరుచుకుని తిరిగాను. ఎవరి మీద ఎక్కువ కోపమో ఇంకా తేల్చుకోలేదు. నువ్వు అడిగిన మూడుసార్లూ నేను కసిరిన మాట నిజమే. అది కూడా రాస్తున్నాను, చదువుకో.

పోయిన వారం కుడి కంటికి ఆపరేషన్ అయింది. ఎడమదానికి జూన్‌లో. నిన్న షెడ్డుకు వచ్చి, ఎవరూ రాకముందే, మార్చిలో నేను ఏరిన పచ్చ బుట్ట కిటికీ దగ్గరికి లాక్కున్నాను. ఎడమ కన్నుతో చూస్తే అంతా ఆకుపచ్చే. కుడి కన్నుతో చూస్తే సగం నీలం, ఎవరో పోలీసు వేసుకున్న కోటు కూడా ఉంది అందులో. ఒక కన్ను మూస్తూ, ఇంకో కన్ను తెరుస్తూ అక్కడే కూర్చుండిపోయాను. కాసేపు ఏడ్చాను కూడా. ఏడ్చినా కుడి కంటికి అది నీలంగానే కనబడింది.

లిహువా వచ్చి చూసింది. "ఎన్నాళ్ళు నా బుట్ట సర్దావే?" అన్నాను. "మీరు కాఫీకి వెళ్ళినప్పుడల్లా నీలాలు ఏరేసేదాన్ని పెద్దమ్మా. ఏం చేయను, మీరు కాఫీ మరీ తొందరగా తాగేస్తారు" అంది. ఆమెను కొట్టబోయి నవ్వాను. ఇక నుంచి రంగు చూసే బల్ల ఆమెది. నా వేళ్ళకు ఉన్నికీ నైలానుకీ తేడా ఇంకా తెలుసు, నేను ఆ పని చేస్తాను. నాన్న ఉంటే నాకు చీపురు ఇచ్చేవాడు. నాన్న ఆ రోజు కొర్రాదోకి అన్యాయం చేశాడు, ఇరవై నిమిషాలు డాక్టరు దగ్గరికి పంపాలని ఆయనకు తోచలేదు. నీకైతే తోచింది, కానీ నేను కసరగానే ఊరుకున్నావు.

ప్యారిస్ నుంచి జవాబు వచ్చింది. చూశావు కదా, దుకాణాల్లో ఉన్న పాత సరుకు మీద 'రంగు వేయనిది' అన్న చీటీలు పీకేశారు, శీతాకాలపు ఆర్డరు ఆపేశారు. రెండు యంత్రాలు ఆగిపోయాయి. ఇందులో నీ పాలు ఎంత, నా పాలు ఎంత అని నేను లెక్క కట్టను. కొత్త బిళ్ళ చూశాకే మాట్లాడతామన్నారు, అదొక్కటే మిగిలింది.

ఈ ఉత్తరం మీద బరువుగా పెట్టిన బిళ్ళ అదే. లిహువా కళ్ళు, నా కుడి కన్ను, నా చేతులు. పోయినేటి పచ్చలా లేదు, ఏటి ఒడ్డు గడ్డిలా కాస్త పసుపు కొడుతోంది. చుక్క రంగు పడలేదు. దీని తొమ్మిదో పేజీ మీద సంతకం పెట్టి పక్కనే ఉంచాను.

నాన్న ఆనవాయితీ ఇంతటితో ఆపేస్తున్నాను. నోటితో చెప్పాల్సినదాన్ని కాగితాల మీద వదిలే అలవాటు వల్లే ఇంతదాకా వచ్చింది. ఎల్లుండి ఆదివారం భోజనానికి రా. ఎప్పుడూ తినే మన ఊరి ఉప్పులేని రొట్టె, బీన్స్ సూప్, ఇంకేమీ చేయను. నిన్ను ఎదురుగా కూర్చోబెట్టి, నీ మొహం చూస్తూ తిట్టాలని ఉంది. ఇప్పుడు బాగా కనబడుతుంది.

నీ అక్క,
ఓర్నెల్లా