చెల్లె చదివిన పుస్తకం

అమ్మా,

నువ్వు పోయి నిన్నటికి ఏడాదైంది. సంవత్సరీకానికి చెల్లె సుజాత జైపూర్ నుంచి వచ్చింది. పోయినేడు తీస్కపోయిన, నువ్వు ఎప్పుడూ చదువుకునే నవలను బ్యాగులకెళ్లి తీసి, "మొత్తం చదివిన అక్కా" అన్నది.

నేను నమ్మలేదు. బాపు డ్యూటీకి పోంగనే నువ్వూ నేనూ క్వార్టర్ గడపల కూసోని చదువుకునేటోళ్లం. సుజాత రెండు లైన్లకే పుస్తకం మూసేది. "దీనికి ఒళ్లంత బద్ధకమే" అని నువ్వు తిడుతుంటే నేను నవ్వుతుంటి.

అది బద్ధకం కాదమ్మా. సుజాత బిడ్డకు చదువు వస్తలేదని మొన్న డాక్టరుకు చూపించిండ్రు. కొందరికి కండ్లు, తెలివి మంచిగనే ఉన్నా అక్షరాలు కూడబలుక్కునుడు శానా కష్టమైతదని ఆయన చెప్పిండట. "నాకూ గట్లనే అయితది. అందరికీ గట్లనే ఉంటదనుకున్న" అన్నది సుజాత.

నేను రెండు దినాలల్ల చదివిన ఆ నవలను అది ఏడాది చదివింది. ఒక్కో లైను నాలుగైదు సార్లు చదివిందట. ఇన్ని పుస్తకాలు చదివిన నేను దాని ముంగట చిన్నగయిపోయిన.

"గంత కష్టం ఎందుకు పడ్డవే?" అని అడిగిన.

"ఇది చదువుకుంట అమ్మ ఒక్కతే నవ్వుతుండె గద. ఎందుకు నవ్విందో చూద్దామని."

"దొరికిందా?"

అది ఒక పేజీ తీసింది. నేను ఎన్నడో దాటిపోయిన పేజీ, నాకు యాదికే లేదు. సుజాత వేలు పెట్టి, ఆగుకుంట ఆగుకుంట చదివి వినిపించింది. చివరికి వచ్చేసరికి ఇద్దరం శానాసేపు నవ్వినమమ్మా.

నీ పెద్దబిడ్డ