గిన్నె పడిన చప్పుడు

భిలాయి

అమ్మకు నమస్కారాలు. నీ మోకాళ్ల నొప్పి ఎలా ఉంది? నాన్న బీపీ మాత్ర మరిచిపోకుండా వేసుకుంటున్నారా? మేం బాగానే ఉన్నాం. చిన్ని కూడా బాగానే ఉంది. ఈ మాట రెండుసార్లు చదువుకుని అప్పుడు మిగతాది చదువు. ఫోనులో అయితే మధ్యలో ఏడ్చేస్తాను, అందుకే రాస్తున్నాను.

ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. మొన్న మంగళవారం పొద్దున ఆయన ఫస్టు షిఫ్టుకి వెళ్లారు. నేను ఫోనులో ఉండగా చిన్ని కూలరు ఇనప స్టాండు ఎక్కి వెనక్కి పడింది. తలకి ఇంత బొప్పి కట్టింది. గుడ్డతో అదిమి, ఉప్పుతో దిష్టి తీసి ఊరుకున్నాను. రెండింటికి ఆయన ఇంటికొస్తే మాత్రం, ఇప్పుడే పడిందన్నాను. పొద్దస్తమానం ఫోను పట్టుకుంటానని దెప్పుతారు కదా, ఆ భయం. అంతలోనే పిల్ల భళ్లున వాంతి చేసుకుంది. ఆస్పత్రికి పరుగెత్తాం.

డాక్టరమ్మ ఎప్పుడు పడిందంటూ "కబ్ గిరీ?" అంది. నేను నోరు తెరిచేలోగా ఆయనే రెండింటికని "దో బజే" అనేశారు. తలకి చిన్న దెబ్బలు తగిలితే చూడ్డానికి ఇప్పుడు రక్త పరీక్ష ఒకటి వచ్చిందట. అందులో ఏమీ లేకపోతే పసితలకి స్కాన్ అక్కర్లేదట. ఏమీ లేదనే వచ్చింది. "అమ్మోరు సల్లగా సూసినాది" అని ఆయన కళ్లు తుడుచుకున్నారు.

నాకు మాత్రం కాలు నిలవలేదు. వరండాలో ఆ చివరికీ ఈ చివరికీ తిరుగుతూనే ఉన్నాను. పడిన కొద్ది గంటల్లోపు తీస్తేనే ఆ పరీక్షను నమ్మాలని నర్సు దీదీ పక్కవాళ్లకి చెప్తుంటే విన్నాను మరి. నా అబద్ధాన్ని నమ్మి నా బిడ్డని ఇంటికి పంపేస్తున్నారు!

తిన్నగా వెళ్లి, పొద్దున పడిందనీ నేనే అబద్ధమాడాననీ ఆయన ముందే డాక్టరమ్మకి చెప్పేశాను. "సుబహ్ గిరీ థీ మేడమ్. మైనే ఝూఠ్ బోలా." ఆవిడ వెంటనే స్కాన్ రాసింది. ఆ అరగంట నేను మనిషిని కానమ్మా. దేవుడి దయ, ఏమీ లేదు. ఒకరోజు ఉంచుకుని పంపారు.

మూడోనాడు ఆయన టీ తాగుతూ, "పిల్లలన్నాక పడతారు. నానేటి పులినా, తినేత్తానా? టైమెందుకు మార్సినావే?" అన్నారు. ఇప్పటికీ చిన్ని కునుకు తీస్తే చాలు, పక్కన కూర్చుని ఊపిరి చూస్తున్నాను.

నాన్నకీ పిన్నికీ నా నమస్కారాలు. ఇటు దుర్గ్ వైపు ఎవరైనా వస్తుంటే కాస్త చింతకాయ పచ్చడి పంపు. నీ మనవరాలిని దీవించు. నన్ను తిట్టాకే దీవించు.

ఎందుకంటే ఆ పొద్దున ఫోనులో ఉన్నది నీతోనే. "ఏటే ఆ సప్పుడు?" అని నువ్వు అడిగావు. గిన్నె పడిందన్నాను. అది గిన్నె కాదమ్మా.

నీ కూతురు
లక్ష్మి