అన్న చేనులో పోసిన రాతి పొడి

మంగళవారం, అశోక్‌నగర్ రూము

వ్యవసాయాధికారి పోస్టు కోచింగ్‌లో ఈరోజు టెస్టు పేపర్లు దిద్ది ఇచ్చారు. రాతి పొడి ప్రశ్నకు నాకు పదికి పది. రాయి కరిగి పొటాష్ పైరుకు అందాలంటే ఏళ్లు పడుతుందని, అందాకా మామూలు ఎరువు మానకూడదని రాశాను. సార్ నా జవాబునే క్లాసులో చదివి వినిపించారు. తల ఎత్తలేకపోయాను.

జూన్‌లో అన్నకు ఫోన్ చేసి, అప్పటికి నోట్సులో ఉన్న సగం పేజీ చదివాను. రాతి పొడిలో పొటాష్ ఉంటుందని, అప్పుడే ఆఫీసరైపోయినవాడిలా చెప్పాను. మిగతా సగం తర్వాతి వారం క్లాసులో రాసుకున్నాను. మళ్లీ ఫోన్ చేసి చెప్పలేదు. అన్న కంకర క్రషర్ నుంచి రెండు ట్రాక్టర్ల పొడి తెచ్చి మక్క చేనులో పోశాడు, పొటాష్ ఎరువు వేయడం మానేశాడు. ఆకుల అంచులు మాడిపోయాయి. కంకులు సగం కూడా గింజ పట్టలేదు.

సాయంత్రం చిక్కడపల్లి లైబ్రరీ బయట ఉండగా అన్న ఫోన్ చేశాడు.

"మన మట్టిలనే బలం లేదు తమ్మీ. చదువుకున్నోడివి, నువ్వు చెప్పింది తప్పెందుకైతది? వచ్చే యేడు ఇంకో రెండు ట్రాక్టర్లు పోస్త."

పదికి పది మార్కుల జవాబు నోట్లోనే పెట్టుకుని, "అట్లనే కానియ్యి అన్నా" అన్నాను.