మీ అమ్మ ఆపిన సైకిలు

మీ అమ్మ వస్తానంది తల్లీ! నీ పోటీ చూడ్డానికి తనూ వస్తానంది! ముందు దీవెనలు, ఆ తర్వాతే కబుర్లు రాయాలని నాకూ తెలుసు గానీ చెయ్యి ఆగలేదు. చిట్టితల్లికి నాన్న వేలవేల దీవెనలు. ఇక్కడ మేమిద్దరం కులాసా. అక్కడ నువ్వూ కులాసాగా ఉన్నావనుకుంటాను.

పోటీ మన దగ్గరే కదా అని నువ్వు ముందుగా పంపించిన ట్రయాథ్లాన్ సైకిలు భద్రంగా చేరింది. మెకానిక్కు వచ్చి బిగించి వెళ్ళాడు. ఎలా ఉందో, పెట్టిన డబ్బుకు తగినదో కాదో దాచకుండా రాయమన్నావు. అందానికి వంక పెట్టేవాడికి కళ్ళు లేనట్టే! నల్లగా నిగనిగలాడుతూ, గోడకి ఆనించినా పరిగెడుతున్నట్టే ఉంది. మీ బాబాయి మాత్రం చుట్టూ తిరిగి చూసి, "స్టాండు లేదు, క్యారియర్ లేదు, ఆఖరికి బెల్లు కూడా లేదు. అన్నయ్యా, పిల్లని నిలువునా ముంచేశారు" అన్నాడు. ఎదురింటి దర్జీ అయితే, "ఈ సీటు మీద కూర్చోవాలా, గుచ్చుకోవాలా?" అని ఒకటే నవ్వు. నవ్వనీ. జీవితమంతా రొట్టెల బండి తొక్కినవాణ్ణి, బరువంటే ఏమిటో నాకు తెలియదా! దీన్ని ఒంటి చేత్తో ఎత్తాను. డబ్బు దండగ కాలేదమ్మా.

మీ అమ్మ మాత్రం దానివైపు కన్నెత్తి చూడలేదు. పోయినేడు నువ్వు సైకిలు మీంచి పడి భుజం విరగ్గొట్టుకున్నప్పటి నుంచీ ఆవిడకి ఆ పేరే గిట్టదు కదా. "ఈత కొట్టమనండి, పరిగెత్తమనండి. మధ్యలో ఈ ముదనష్టపు సైకిలెందుకు? పిల్ల పడుతుంటే చూడ్డానికి నేను రాను" అని ఒకటే మాట. నువ్వేమో ప్రతి ఉత్తరంలోనూ అమ్మ వస్తుందా అని అడగడం, నేనేమో చూద్దాంలే అని దాటెయ్యడం.

ఇక అసలు సంగతి. కోప్పడనని ఒట్టేసుకుని చదువు. నిన్న పొద్దున్న నీ సైకిలెక్కాను. కాసేపేలే! ముందుకు పొడుచుకొచ్చిన ఆ రెండు కొమ్ములు పట్టుకుని, మోచేతులు ఆనించి, ఫొటోలో నువ్వు ఉన్నట్టే వంగాను. నాలుగు తొక్కులు తొక్కానో లేదో, అబ్బో, ఏం వేగం! ఆపుదామని కొమ్ములు తడిమితే బ్రేకుల్లేవు! అవి కింద అడ్డ హ్యాండిలుకి ఉంటాయని నాకెవరు చెప్పారు? "ఏమేవ్, ఇది ఆగడం లేదే!" అని కేక పెట్టాను. మీ అమ్మ చీపురు పారేసి, పరిగెత్తుకొచ్చి వెనకనుంచి సీటు పట్టేసుకుంది. సైకిలు ఆగింది. నేనే ఆగక దర్జీ ఇంటి ముందున్న ఇసుక కుప్పలో పడ్డాను. సైకిలుకి గీత కూడా పడలేదు, నా మీద ఒట్టు. మోకాలు కాస్త చెక్కుకుపోయింది, అంతే.

ఆవిడ తిట్టలేదమ్మా. సీటు వదలకుండా రొప్పుతూ నేను ఇసుక దులుపుకోవడం చూసింది. చూసి చూసి పడిపడి నవ్వింది. "ఈ వయసులో మీరే పడి లేచారు, అది లేవదా? పదండి, నేనూ వస్తాను" అంది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇసుక పడిందని చెప్పాను.

ఇట్లు,
సంతోషం పట్టలేక తబ్బిబ్బవుతున్న
మీ నాన్న

ఈ వార్త నువ్వు తప్పకుండా చెప్పవలసినవాళ్ళు: మీ పెద్దత్త, మీ పిన్ని, మీ అమ్మ రాదని పందెం కట్టిన మేనమామ, ఇద్దరు వదినలు. మీ అమ్మమ్మకి మాత్రం చెప్పకు, అది మీ అమ్మే తన నోటితో చెప్పుకుంటుందట.