బీరు ఫ్రీజర్ దగ్గరికి వెళ్లకు

మెర్వ్,

నేను వచ్చేదాకా షెడ్డులో బీరు పులియబెట్టిన ఆ ఫ్రీజర్ దగ్గరికి వెళ్లకు. ప్లగ్ పీకేశాను. ఈ బండబర్గ్ ఊరి ఎండకి నీ బీరు చెడితే చెడనీ. షెడ్డు తలుపులు తెరిచే ఉంచు.

నిన్న సాయంత్రం నేను చూసేసరికి నీ కాళ్లు రెండే ఫ్రీజర్ బయట గాల్లో కనిపించాయి. ఈడ్చి పడుకోబెడితే, కళ్లు తెరిచి, "వాసన చూస్తున్నా గ్లెనిస్, దానికింత గోలా?" అంటావా? బీరు పులిసేటప్పుడు వచ్చే గాలి బరువు. నీ ఫ్రీజర్ లాంటి పైకి తెరిచే పెట్టెలో అది బావిలో నీళ్లలా నిలిచిపోతుంది. తల పెడితే రెండు ఊపిరుల్లో మనిషి పడిపోతాడు. ముందుకు తెరుచుకునే ఫ్రిజ్ అయితే తలుపు తీయగానే నేలమీదికి జారిపోతుంది. ఈ మాట పక్కింటి ట్రెవ్ పోయినేడే చెప్పాడు. తన పాత ఫ్రిజ్ ఉత్తినే ఇస్తానన్నాడు. నువ్వేమన్నావు? "అందులో ఒక్క డ్రమ్మే పడుతుందోయ్, క్రిస్మస్‌కి నాకు రెండు కావాలి." ఆ రెండో డ్రమ్ము కోసం నన్ను విధవను చేసేవాడివి!

మధ్యాహ్నం ట్రెవ్ ఆ ఫ్రిజ్ తెస్తాడు. వేడి కొలిచే తీగ లోపలికి పెట్టడానికి దాని పక్కలకు డ్రిల్లు పెట్టకు, లోపల గ్యాసు గొట్టాలుంటాయి. తలుపు రబ్బరు సందులోంచి దూర్చు. బరువులు మాత్రం వాడే ఎత్తుతాడు. డాక్టరు నిన్ను పడుకోమన్నాడు.

ఫ్రీజర్ మూత ఊడదీసి కారులో వేసుకుని డ్యూటీకి పోతున్నాను. వెతక్కు.

గ్లెనిస్

నిన్ను లాగినప్పుడు నీ ఎడమ చెప్పు ఊడి ఫ్రీజర్ అడుగున పడింది. మూత లేకపోయినా ఆ గాలి అక్కడే ఉంటుంది. చెప్పు కోసం వంగావంటే నేనే చంపేస్తాను. నా గులాబీరంగు చెప్పులు గుమ్మం దగ్గర పెట్టాను, అవి వేసుకో.