గోడ మీది కొడతి

సూర్యాపేట,
1949, మాఘమాసం

చి.ల.సౌ. ఆండాలుకు నాయన దీవెనలు. ఇక్కడ నేనూ మీ అమ్మా క్షేమం. బర్రె ఈనింది, దూడ కూడా క్షేమం. మీ ఆయన ఏనాడో నాకిచ్చిన మాట ఒక్కటే క్షేమంగా లేదు.

అమ్మ మోకాళ్ల సంగతి అడిగావు. దవాఖానలో ఇచ్చిన తైలం రాస్తున్నది. నొప్పి తగ్గలేదు గాని నన్ను తిట్టే ఓపిక మాత్రం వచ్చింది. "బిడ్డ ఇంటిదాంక పోయి, మనుమన్ని సూడకుండ మర్లి వచ్చెటోడు నువ్వొక్కనివే" అంటున్నది. నువ్వు అడిగిందీ అదే కదా. ఉయ్యాల పండుగకు మిర్యాలగూడ వచ్చి, మీ గడప దగ్గరి నుంచే ఎందుకు తిరిగిపోయానని. లోపల మీ ఆయన గొంతు వినిపించింది బిడ్డా. కాలు ముందుకు పడలేదు.

మన బడి ఆనవాయితీ నీకు తెలుసు. వడ్రంగం నేర్చి వెళ్లే ప్రతివాడూ తాను ఉలి మీద కొట్టిన చెక్కసుత్తికి, అదే కొడతికి, కాల్చిన ఇనుముతో పేరు పెట్టి, గోడకు తగిలించి పోతాడు. మీ ఆయన తనది తగిలిస్తూ, "మాస్టరుగారూ, ఏ నౌకరీల ఉన్నా ఈ బడికి పనిబడ్డనాడు నిలబడి మాట్లాడుత" అన్నాడు. ఆ మాట నమ్మి నిన్నిచ్చాను.

పోయిన నెల ఆ పని పడింది. సర్కారు మారింది కదా, చేతిపనులు నేర్పే బడుల్లో ఏది మంచిదో ఏది కాదో తేల్చి గుర్తింపు ఇవ్వడానికి హైదరాబాదు నుంచి కమిటీ వచ్చింది. బడుల తనిఖీదారు కాబట్టి మీ ఆయననూ వెంట వేశారు. చెప్పకుండా అంగడి రోజున దిగారు. అంగడి రోజు మన క్లాసు గదిలో ఎప్పుడు జరిగింది? బండ్లు ఆగే చోట పిల్లలు చక్రాల్లో విరిగిన ఆకులు మారుస్తారు, ఇనుప పట్టా ఎర్రగా కాల్చి చక్రానికి ఎక్కిస్తారు. పని బాగా లేకపోతే నిడమనూరు బండివాడు మళ్లీ అంగడికి వచ్చి, "మాస్టరూ, నీ శిష్యుడు కట్టిన చక్రం కల్లు తాగినట్టు ఊగుతుంది" అని నలుగురిలో పరువు తీస్తాడు. అంతకు మించిన పరీక్ష నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. ఉర్దూలోవీ ఇంగ్లీషువీ చాలానే చదివాను. గోడ సున్నం చూసి వడ్రంగాన్ని అంచనా కట్టమని ఏ దేశపువాడూ రాయలేదు.

బడి ఊడ్చే భద్రమ్మ కబురు పంపితే పరుగెత్తి వచ్చాను. కమిటీ పెద్ద మన పిల్లలు చేసిన కుర్చీలోనే కూర్చుని, ఇది ఏ దుకాణంలో కొన్నారని అడిగాడు. తరువాత కిటికీలు లెక్కపెట్టాడు. చివరికి, పిల్లలేరీ అన్నాడు.

"క్లాసు అంగడిలో నడుస్తున్నది. రండి, చూపిస్తాను" అన్నాను.

ఆయన మీ ఆయన వైపు చూశాడు. మీ ఆయన కాలరు సర్దుకుని, "అంగడిల క్లాసు సంగతి నాకు తెల్వదండి. కూలికి పోయి ఉంటరు" అన్నాడు.

భద్రమ్మ ఊరుకోలేదు. "అయ్యో అల్లుడయ్యా, నువ్వు పట్టాలెక్కిచ్చింది గాడనే గాదా! నీ చెయ్యి కాలితే ఎన్న రాసింది నేను గాదా!"

"పెద్దామెకు మతి సరిగ ఉండదు సార్" అన్నాడు.

అప్పుడు గమనించాను. వచ్చినప్పటి నుంచీ అతను గోడకు ఆనుకునే నిలబడ్డాడు. వీపు వెనుక తన కొడతి. తాను వడ్రంగం చేసుకునే వడ్లాయన కొడుకునని ఆ సూటు దొరల ముందు బయటపడుతుందని భయం. అంతకు మించి ఏమీ లేదు. పెద్దలు అంగడి దాకా నడవనే లేదు. మోటారెక్కి పోయారు. పాఠాలు జరగడం లేదని, గుర్తింపుకు తగదని రాశారు.

ఈదయ్య నీకు గుర్తున్నాడు కదా, మన వాకిట్లోనే పని నేర్చినవాడు. బస్సుల డిపోలో వడ్రంగిగా తీసుకుంటామన్నవాళ్లు, గుర్తింపు లేని బడి సర్టిఫికెట్ చెల్లదని పంపేశారు. ఇప్పుడు మీ ఊరి గోదాములోనే బస్తాలు మోస్తున్నాడు. మీ ఆయన రోజూ ఆ దారినే పోతాడు. ఎట్లా పోతున్నాడో నాకు తెలియదు.

పసివాడికి ఉయ్యాల చేసి ఉంచాను. ఎల్లుండి అంజయ్య బండిలో పంపుతాను. వాడి మీద నాకేం కోపం?

ఇన్ని రాసినా అసలుది ఇంకా చెప్పలేదు. మీ అమ్మకూ తెలియదు. వచ్చే వారం ఆ కమిటీ, మీ ఆయనతో సహా, కోదాడలో కూర్చుంటున్నది. నేను పోతున్నాను. గోడ మీది నుంచి ఆ కొడతి తీసి సంచిలో పెట్టుకున్నాను. దీనివల్ల అతని నౌకరీకి దెబ్బ తగలవచ్చు, నీ ఇంట్లో మాటలు పెరగవచ్చు. ఆలోచించే పోతున్నాను. ఈ జాబు అతనికి చూపించు. నాకంటే ముందు తానే లేచి నిజం చెబితే కొడతి సంచిలోనే ఉంటుంది.

చెప్పకపోతే మాత్రం దాన్ని పెద్దల బల్ల మీద పెడతాను. వాళ్ల మీద నాకు కోపం చల్లారింది. వాళ్లకు తెలియదు, తెలియక రాశారు. అన్నీ తెలిసినవాడు ఆ గదిలో ఒక్కడే ఉన్నాడు. ఆ కొడతి మీద కాల్చిన పేరు, అతని సొంత ఊళ్లో, అందరూ వినేటట్టు చదువుతాను: కోదాడ వడ్ల రామనర్సయ్య.

ఇట్లు,
నిన్ను కన్న నాయన,
లింగస్వామి